మామ పంపిన షేర్వానీ

నకిరేకల్,
1964 జూన్ 10

మామయ్య గారికి సైదులు దండాలు పెట్టి రాసేది.

గారు అనీ, మీరు అనీ రాయాలని కాలేజీలో తెలుగు సారు చెప్పాడు. అందుకని రాస్తున్నాను కానీ, రాస్తుంటే తాసీల్దారుకు అర్జీ పెట్టుకుంటున్నట్టుంది.

నల్లగొండలో ఫలితాలు అంటించారు. పీయూసీ ఫస్టు క్లాసులో పాసయ్యాను. అమ్మ వాడకట్టంతా బెల్లం పంచింది. బాపు నా ముందర ఏమీ అనలేదు. ఆముదాల కొట్టు దగ్గర మాత్రం గింజలు అమ్మడానికి వచ్చిన ప్రతి రైతునూ కూర్చోబెట్టి చెబుతున్నాడట. తూకం అయ్యేదాకా వాళ్లు కదలలేరు కదా, పాపం వింటున్నారు.

ఇక అసలు సంగతి. నేను ఇంజనీరింగు చదవాలనుకుంటున్నట్టు మీకు తెలుసు. హైదరాబాదులో ఉస్మానియాలో సీటు వచ్చేటట్టే ఉంది. ఇంకొకటి కాన్పూరు. మా లెక్కల సారు బలవంతం మీద దానికి కూడా పరీక్ష రాసి వచ్చాను. అక్కడ కంప్యూటర్ అనే యంత్రం తెచ్చి పెట్టారట. ఒక లెక్కను ఏ వరసలో చేయాలో మనం చెబితే, అది ఆ వరసనే పట్టుకొని చేసుకుంటూ పోతుందట. విద్యార్థులను కూడా దాని దగ్గరికి రానిస్తారట. సారు ఈ మాట చెప్పినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు. చిన్నప్పటి నుంచీ నాకు లెక్క కన్నా, లెక్క చేసే వరసే ఇష్టం.

అమ్మకు యంత్రం అంటేనే భయం. నూనె మిల్లులో బెల్టుకు చిక్కి చెయ్యి పోగొట్టుకున్న మనిషిని చూసింది కదా. "దాని పక్కన కూసుంటే చెయ్యి గుంజుకపోతదిరా" అంటుంది. బాపు "మీ మామ ఎట్లంటే గట్ల" అని తేల్చేశాడు. మన రెండిళ్లలో పెద్ద చదువుకు గడప దాటి పోయింది మీరొక్కరే.

నా మనసు కాన్పూరు మీద ఉంది. ఈ మాట మీకొక్కరికే రాస్తున్నాను. అత్తమ్మకు నా దండాలు.

మీ మేనల్లుడు
సైదులు

అచ్చంపేట,
1964 జూన్ 17

అల్లుడూ,

నీ ఉత్తరం అందింది. ముందు ఆ మీరూ గారూ తీసుకుపోయి మీ తెలుగు సారుకే వాపసు ఇచ్చెయ్. నా చంకనెక్కి మూత్రం పోసినవాడివి, నాకు మర్యాదలు చేస్తే నవ్వొస్తుంది. నువ్వు అని రాయి.

నువ్వు పాసైన సంగతి బడిలో ప్రార్థన కాగానే చెప్పాను. పిల్లలు గట్టిగా చప్పట్లు కొట్టారు. నీ మీద ప్రేమతో కాదు, సెలవు ఇస్తాననుకున్నారు. ఇవ్వక తప్పలేదు. మీ అత్త అమృతమ్మ భక్ష్యాలు చేసింది. నువ్వు లేవు కాబట్టి నీ వంతు కూడా నేనే తిన్నాను.

ఉస్మానియా అన్న మాట చదవగానే అక్కడ నా మొదటి రోజు గుర్తుకొచ్చింది. నలభై ఆరులో ఇక్కడి నుంచి పాలమూరు దాకా ఎడ్లబండిలో పోయి, అక్కడ రైలెక్కి హైదరాబాదు చేరాను. ఆ రాతి కట్టడం ముందు నిలబడి తల పైకెత్తి చూస్తే నా తలపాగా వెనక్కి జారి పడింది. వెనక నుంచి ఎవరో దాన్ని అందుకొని, "తీస్కో భాయ్, గీడ మొదటి రోజు అందరి పాగలు పడతయి" అన్నాడు. చూస్తే బక్కగా, పొడుగ్గా ఒక పిల్లగాడు. వాడే దస్తగిరి, వనపర్తి దిక్కువాడు. హాస్టల్లో ఇద్దరికీ ఒకే గది దొరికింది.

అప్పుడు చదువంతా ఉర్దూలో. త్రికోణాన్ని ముసల్లస్ అనేవారు. నాకు బడి ఉర్దూ వచ్చు కానీ ప్రొఫెసర్ల ఉర్దూ వేరు, తల పైనుంచి పోయేది. దస్తగిరి గదికి వచ్చాక అదే పాఠం మన తెలుగులో విడమరిచి చెప్పేవాడు. బదులుగా మా అమ్మ కట్టిచ్చిన సర్వపిండి అంతా వాడే తినేవాడు. చుట్టూ బండలు, బండల సందుల్లో సీతాఫలం చెట్లు. కాయలు కోసుకొచ్చి ట్రంకు పెట్టెలో బట్టల మధ్య మాగేసేవాళ్లం. అక్కడ నల్ల షేర్వానీ తొడుక్కొని క్లాసుకు పోవడం రివాజు. నా షేర్వానీ పరీక్షల దాకా సీతాఫలం వాసనే కొట్టింది.

మరుసటి ఏడు గొడవలు మొదలైనాయి. నిజాం సర్కారు మీద కోపంతో పిల్లలం క్లాసులు వదిలి బయటికి వచ్చాం. ఆ వెనక రజాకార్ల రోజులు నీకు తెలిసినవే. అన్నీ సద్దుమణిగేసరికి మా నాయిన లేడు, అక్కడి చదువు ఇంగ్లీషులోకి మారింది, నాకు బడిలో నౌకరీ దొరికింది. దస్తగిరి కరాచీ పోయాడని ఒకరంటారు, గుల్బర్గాలో దుకాణం పెట్టాడని ఒకరంటారు. నాకు ఆ ఒక్క ఏడాదే దక్కింది.

వరస చెబితేనే లెక్క చేసే యంత్రం అని రాశావు. మా బడిలో అటువంటివి గదినిండా ఉన్నాయి. వరస చెప్పకపోతే నోరు తెరుచుకొని కూర్చుంటాయి. కాన్పూరు వాళ్లకు కావాలంటే పంపిస్తాను.

నీ మామ
పెద్దులు

నకిరేకల్,
1964 జూన్ 28

మామా,

నువ్వు చెప్పినట్టే రాస్తున్నాను, తరువాత కోపం చేయొద్దు.

రెండు చోట్ల నుంచీ సీటు వచ్చింది. ఉస్మానియాలో జులై రెండో వారంలో చేరాలి. కాన్పూరు వాళ్లకు జులై ఇరవై అయిదు లోపల వస్తానని తెలపాలి. బాపు రెండు కాగితాలనూ దేవుని గూట్లో పెట్టి, "ఇగ మీ మామను అడుగు" అన్నాడు.

నీ ఉత్తరం ఇంట్లో చదివి వినిపించాను. తలపాగా పడిపోయిన దగ్గర బాపు నవ్వాడు. చివరికొచ్చేసరికి అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "వాని చదువు నడుమల తెగిపాయె. ఎన్నడన్న నోరు తెరిచి బాధపడ్డడా? నువ్వన్న ఆడ చదివితే నా తమ్మునికి పాణం చల్లగైతది" అన్నది. ఆ మాట నాకు మనసులో గుచ్చుకున్నట్టయింది. కాన్పూరు అని గట్టిగా అనబోయి ఊరుకున్నాను.

నీ ఉత్తరంలో ఉస్మానియా గురించి రెండు పేజీలు ఉన్నాయి. కాన్పూరు గురించి ఒక్క పరాచికం ఉంది. నాకు ఎట్లా అర్థం చేసుకోవాలో తెలియడం లేదు. మొగమాటం లేకుండా చెప్పు మామా. ఏది ఎంచుకోవాలి?

సైదులు

అచ్చంపేట,
1964 జూలై 4

అల్లుడూ,

చెప్పను. మా నాయినకు అక్షరం ముక్క రాదు. నేను హైదరాబాదు పోతానంటే ఎందుకు, ఏమిటి అని అడగలేదు. బండి కట్టి పాలమూరు స్టేషను దాకా వచ్చి, "పోయి రా బిడ్డా" అన్నాడు. ఆయన అనని మాట నేను ఎందుకు అనాలి? మేనమామ వంతు బట్టలు పెట్టడం. దారి నీదే.

కానీ కాన్పూరు సంగతులు కనుక్కున్నాను. ఇక్కడ అడవి శాఖలో ఒక ఉత్తరాది ఆఫీసరు ఉన్నాడు. ఎప్పుడూ నల్లమల ఎండను తిట్టుకుంటూ ఉంటాడు. కాన్పూరు పేరెత్తగానే మొగం వెలిగింది. చలికాలంలో పొద్దున నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొరికినట్టుంటుందట. పొగమంచులో ఎదుట మనిషి కనబడడట. మన దిక్కు పిల్లలు మొదటి చలికే మంచం పడతారని కూడా అన్నాడు. ఆ మాట విన్న దగ్గరి నుంచి మీ అత్త నన్ను సతాయిస్తోంది.

రోజూ నీ ఉత్తరం కోసం చూస్తుంటే నాకు హాస్టల్లో టపా వచ్చే వేళ గుర్తుకొచ్చింది. జవాను మెట్ల మీద నిలబడి పేర్లు పిలిచేవాడు. నా పేరుకు వాడి నోరు తిరిగేది కాదు. "పెద్దూలా" అని ఏదో నవాబును పిలిచినట్టు పిలిచేవాడు. దస్తగిరి ఆ ఏడంతా నన్ను పెద్దూలా సాబ్ అనే అన్నాడు. ఆ పిలుపు విని ఎన్నేళ్లయిందో. బడిలో అందరూ సారు అంటారు, ఇంట్లో మీ అత్త ఏమయ్యా అంటుంది. అందులో తప్పేం లేదు. అయినా ఎవరైనా ఒక్కసారి అట్లా పిలిస్తే బాగుండు అనిపిస్తుంది.

వానలు పడ్డాయా? ఇక్కడ జొన్న మొలకెత్తింది. అక్కను ఫికర్ చేయొద్దని చెప్పు.

నీ మామ
పెద్దులు

హైదరాబాదు,
1964 జూలై 14

మామా,

ఈ ఉత్తరం ఎక్కడి నుంచి వచ్చిందో పైన చూసి ఉంటావు. నేను ఉస్మానియాలో చేరాను.

పోయిన బుధవారం మీ అచ్చంపేట షరీఫ్ చింతపండు లారీ నకిరేకల్ వచ్చింది. షరీఫ్ చాచా కిందికి దిగకుండానే మూట అందించి, "మీ మామ ఇయ్యమన్నడు. చదువుకు పోయేటప్పుడు ఎంట తీస్కపొమ్మన్నడు" అని చెప్పి వెళ్లిపోయాడు. విప్పితే నీ నల్ల షేర్వానీ. సీతాఫలం వాసన పోయింది, కలరా ఉండల వాసన వచ్చింది. చేతులు విప్పి నా పొడుగుకు కుట్టించావు, గుండీలు కొత్తవి వేయించావు.

అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకొని గుండీలు ఒక్కొక్కటే తడిమి చూసింది. తరువాత, "నా తమ్ముడు నోటితోని అడిగేటోడు కాదు. గిది పంపిండంటే అడిగినట్టే. మేనమామ పెట్టిన బట్ట కాదనొద్దు, బిడ్డా" అన్నది. బాపు కూడా అవునన్నాడు. నాకూ అట్లాగే అనిపించింది. అంతకుముందు ఉత్తరంలో నువ్వు కాన్పూరు చలి గురించి, మంచం పట్టే పిల్లల గురించి రాశావు. వద్దని నేరుగా చెప్పలేక అట్లా రాశావని అప్పుడే అనుకున్నాను. రెండు రోజులకే బాపు నన్ను నార్కట్‌పల్లి దాకా బండిలో, అక్కడి నుంచి బస్సులో తీసుకొచ్చి ఇక్కడ చేర్పించి పోయాడు.

చేరిన రోజు షేర్వానీ తొడుక్కున్నాను. ఇప్పుడు ఇక్కడ ఎవరూ తొడగడం లేదు మామా, అందరూ ప్యాంట్లూ అంగీలే. పెద్ద క్లాసుల వాళ్లు వంగి వంగి సలాములు చేశారు. ఉక్కకు వీపంతా పేలింది. అయినా విప్పలేదు. నువ్వు చూస్తే ఎంత సంతోషపడేవాడివో అనుకుంటూ ఆ రాతి మెట్లు ఎక్కాను.

కాన్పూరుకు జవాబు రాయలేదు. గడువు దాటితే అదే పోతుంది. నాకు బాధ లేదు. ఉన్నా కొద్దిగానే.

సైదులు

అచ్చంపేట,
1964 జూలై 17

అల్లుడూ,

ఆషాఢం ఉక్కలో ఉన్ని షేర్వానీ తొడుక్కున్న వాడికి కాన్పూరు వాళ్లు ఏం తెలివి చూసి సీటు ఇచ్చారో నాకు అర్థం కాలేదు.

అది చలికి పంపానురా. నీ మనసు కాన్పూరు మీద ఉందని మొదటి ఉత్తరంలోనే రాశావు. పోతావనే అనుకున్నాను. ఆ ఆఫీసరు మాటలు విన్నాక మీ అత్తకు నిద్ర లేదు. ఈ ఊళ్లో స్వెట్టరు ఎక్కడ దొరుకుతుంది? గొంగడి కప్పుకొని నువ్వు క్లాసుకు పోలేవు. మా ఇంట్లో ఉన్న ఉన్ని బట్ట అదొక్కటే. దర్జీ దగ్గర కూర్చొని చేతులు పెంచి కుట్టించాను. షరీఫ్‌కు చలి సంగతి చెప్పనే లేదు. కాన్పూరు పోయేవాడికి ఉన్ని బట్ట ఎందుకో ఒకరు చెప్పాలా అనుకున్నాను.

అక్క నాకు పాణం చల్లగా ఉండాలని నీ చదువు మార్చింది. నువ్వు నేను సంతోషపడాలని వీపు పేల్చుకున్నావు. మీ ప్రేమ చల్లగుండ, నన్ను ఒక్క మాట అడిగి ఉంటే ఏం పోయేది? అడిగావులే. చెప్పనన్నది నేనే కదా. ఇప్పుడు చెబుతున్నాను, విను. కాన్పూరు పో. నేను రాసినవన్నీ ముచ్చట్లు, హుకుములు కావు.

ఈ ఉత్తరం షరీఫ్ చేతికే ఇస్తున్నాను. అతని లారీ రేపు హైదరాబాదు చేరుతుంది. వెంటనే టపా ఆఫీసుకు పోయి, వస్తున్నానని కాన్పూరుకు తారు కొట్టు. సోమవారం నేనే వస్తాను. కాగితాలు వాపసు తీసుకుందాం. మీ బాపుకు వేరే రాశాను.

పెద్దులు

కాన్పూరు,
1964 ఆగస్టు 16

మామా,

క్షేమంగా చేరాను. పెట్టె చేరింది. షేర్వానీ పెట్టె అడుగున ఉంది. ఇక్కడ ఇంకా ఉక్కే.

ఆ సోమవారం ఆఫీసులో నువ్వు మాట్లాడిన తీరు ఇక్కడి పిల్లలకు చెప్పి నవ్విస్తున్నాను. గుమాస్తా, "కాగితాలు వాపసు కావాలంటే తండ్రి రావాలి కదా" అన్నాడు. నువ్వు నిమ్మళంగా, "మా దిక్కు మేనమామ నిలబడ్డ కాడ తండ్రిని అడుగరు సాబ్" అన్నావు. ఆయన నవ్వి సంతకం పెట్టించుకున్నాడు. బాపుకు ఈ సంగతి చెప్పకు.

కంప్యూటర్‌ను చూశాను. అద్దం అవతల ఉంది, పెద్ద బీరువాల వరస లాగా. దానికి చల్లగా ఉండాలని గది మొత్తం చల్లబరిచారు. మనం చెప్పే వరసను అట్ట ముక్కల మీద చిల్లులుగా పొడిచి ఇవ్వాలి. నా వంతు ఇంకా రాలేదు. చెయ్యి గుంజుకునే బెల్టు ఎక్కడా లేదని అమ్మకు రాశాను.

అద్దం ముందు నిలబడ్డప్పుడు తప్ప, మిగతా వేళంతా బాగా లేదు మామా. ఇంగ్లీషు పాఠం సగం పోతోంది. పట్నాల నుంచి వచ్చిన పిల్లలు టకటకా అడుగుతారు, నేను నోరు తెరవను. రొట్టెలు సయించడం లేదు. పచ్చిపులుసు కోసం నాలుక పీకుతోంది.

ఒక సంగతి అడగాలని చాలా రోజులుగా ఉంది. ఆ రోజు కాగితాలు చేతికి వచ్చాక నన్ను పెట్టె దగ్గర కూర్చోమని, నువ్వొక్కడివే ఆ రాతి కట్టడంలోకి పోయావు. ఎంతకూ రాలేదు. వెతుక్కుంటూ వస్తే మెట్ల మీద కూర్చొని ఉన్నావు. నీ కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను చూశానని నీకు తెలియదు, వెనక్కి తిరిగి వచ్చేశాను. స్టేషనులో కూడా నీళ్లు చూసుకొని తాగమన్నావు కానీ ఇంకో మాట అనలేదు.

నేను అక్కడ చదవాలని నీకు లోపల ఆశ ఉందా? ఉంటే దాచకు. సెలవులు రాగానే వచ్చేస్తాను, మళ్లీ రాసి అడిగితే అక్కడ తీసుకుంటారేమో. నిజం చెప్పాలంటే, నువ్వు రమ్మంటే బాగుండునని కూడా ఉంది.

సైదులు

అచ్చంపేట,
1964 ఆగస్టు 25

అల్లుడూ,

చూశావన్నమాట. సరే, దాచను.

నేను కూర్చున్న క్లాసు గది వెతుక్కుంటూ పోయాను. లోపల పాఠం జరుగుతోంది. మా రోజుల్లో బోర్డు మీద కుడి నుంచి ఎడమకు రాసేవారు. ఇప్పుడు ఎడమ నుంచి కుడికి. నేను కూర్చున్న చోట ఎవరో కళ్లద్దాల పిల్లగాడు ఉన్నాడు. వాకిట్లో నన్ను చూసి ఒకడు బయటికి వచ్చి, "ఎవరు కావాలె సార్?" అన్నాడు. దస్తగిరి పేరు నోటిదాకా వచ్చింది. "ఎవరూ వద్దు బిడ్డా" అని వచ్చేశాను.

మెట్ల మీద కూర్చుంటే ఏడుపు ఆగలేదు. చదువు తెగిపోయినప్పుడు నేను ఏడవలేదు సైదులూ. అప్పుడు ఊళ్లకు ఊళ్లే కష్టంలో ఉన్నాయి, ప్రాణాలు దక్కితే చాలనుకునే రోజులు. నా ఒక్కడి చదువు పోయిందని ఏడిస్తే సిగ్గుచేటు అనుకున్నాను. తరువాత దాన్ని ముచ్చట్లుగా మార్చి చెప్పుకుంటూ వచ్చాను. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేవాడిని. ఆ రోజు వినేవాళ్లు ఎవరూ లేరు కదా, అందుకని ఏడుపు వచ్చింది. నాకు చాలా చదవాలని ఉండేది.

నీ మీద కోపమూ లేదు, లోపల ఆశా లేదు. నువ్వు అక్కడ కూర్చున్నంత మాత్రాన నేను కూర్చున్నట్టు కాదు. ఆ సంగతి ఆ వాకిట్లో నిలబడ్డాకే నాకు బాగా తెలిసింది. కాబట్టి నిన్ను రమ్మనను.

మొదటి ఏడు సంగతి నాకు తెలుసు, ధైర్యంగా చెబుతాను. ఇప్పుడు పాఠం అర్థం కాదు, తిండి సయించదు, దారినపోయే రైలు చూస్తే ఎక్కాలనిపిస్తుంది. దీపావళి దాటేలోపల నీకు ఒక తోడు దొరుకుతాడు. వాడు నీ తిండి తింటాడు, నీకు పాఠం చెబుతాడు. ఎండలు ముదిరే నాటికి అది నీ చోటు అవుతుంది. సెలవులకు ఇంటికి వచ్చినా మనసు అక్కడే ఉంటుంది. ఇంతవరకు నన్ను అడుగు, ఏదైనా చెబుతాను.

రెండో ఏడు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. అది నువ్వే నాకు రాయాలి.

నీ మామ
పెద్దులు